కంకర రోడ్డు మీద వడమాల

సైకిలు తొక్కుకుంటూ గుడికి వెళ్తే అది కాలినడక కిందికి వస్తుందా, రాదా అనే సందేహం వీరాంజనేయుల్ని చాలా ఏళ్ళుగా పీడిస్తోంది.

కదిలేవి కాళ్ళే కదా, ఆయాసం మనదే కదా, పెట్రోలు పోయలేదు కదా అని మనసు ఒక పక్క వాదించేది. పాదం నేలకి తగల్లేదు కదా, దర్జాగా కూర్చునే వెళ్ళావు కదా అని ఇంకో పక్క నిలదీసేది. తనుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ సంగతి తేల్చి చెప్పేవాళ్ళు ఎవరూ దొరకలేదు. తెనాలిలో ఉన్న పురోహితుడికి ఫోన్ చేస్తే, "అమెరికాలో ఇంకా సైకిళ్ళు తొక్కుతున్నారాండీ?" అని ఆయన జాలిపడి అసలు సంగతి వదిలేశాడు. భార్య నాగమణిని అడిగితే, "ముందు మీరు వెళ్ళండి. ఎలా వచ్చారో ఆయన చూసుకుంటాడు" అంది.

ఆయన అంటే ఆంజనేయస్వామి. ఆ స్వామికి వీరాంజనేయులు ఒక వడమాల బాకీ పడ్డాడు.

ఆ బాకీ పుట్టిన కథ ఇది. అమెరికా వచ్చిన కొత్తలో ఆయన డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు తప్పాడు. మొదటిసారి నారింజ రంగు కోన్ ఒకటి కారు కింద ఇరుక్కుంటే, దాన్ని ఊరేగించుకుంటూ వీధి చివరిదాకా తీసుకుపోయాడు. రెండోసారి ఎంత జాగ్రత్తగా నడిపాడంటే, పక్కన కుక్కని నడిపించుకుంటూ వెళ్తున్న పెద్దాయన ఈయన కారుని దాటిపోయాడు. మూడోసారి అంతా సవ్యంగానే జరిగింది. తీరా చివరి మలుపులో ఒక చర్చి కనిపించింది. దేవుడు ఏ ఇంట్లో ఉన్నా దేవుడే కదా అని, వీరాంజనేయులు రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసి భక్తిగా దణ్ణం పెట్టాడు. పక్కన కూర్చున్న పరీక్షాధికారి కూడా ఆ క్షణంలో గట్టిగానే దేవుణ్ణి తలుచుకున్నాడు గానీ, పాస్ చేయలేదు.

నాలుగోసారి వెళ్ళే ముందు వీరాంజనేయులు మొక్కుకున్నాడు. "స్వామీ, ఈసారి గట్టెక్కించు. నీ గుడికి నడిచి వచ్చి వడమాల వేస్తాను."

స్వామి గట్టెక్కించాడు. లైసెన్సు చేతికొచ్చాక తెలిసింది, ఆంజనేయుడి గుడి ఊళ్ళో లేదని. పొలాలూ ఆపిల్ తోటలూ దాటి ముప్పై మైళ్ళకి కాస్త తక్కువ దూరంలో, ఒకప్పటి గుర్రపుశాలని బాగుచేసి కట్టుకున్న గుడి అది. అప్పటినుంచి ఆ మనిషి నడిచి వస్తానని మాట ఇచ్చిన గుడికే ప్రతి శనివారం కార్లో వెళ్తున్నాడు. అదీ దేనికోసం మొక్కాడో ఆ లైసెన్సే జేబులో పెట్టుకుని మరీ. సిగ్గేసి కారుని గుడి ముందు ఆపేవాడు కాదు. ఆపిల్ చెట్ల చాటున ఆపి, ఏదో దగ్గర్నుంచే నడిచొచ్చినట్టు చేతులూపుకుంటూ లోపలికి వెళ్ళేవాడు.

అంతలో మోకాళ్ళు అరిగాయి. ఎక్కువ దూరం నడవొద్దు, సైకిలు తొక్కితే మంచిదే అన్నాడు డాక్టరు. సందేహం పుట్టింది అక్కడే. సందేహం ఉంది కదా అని సైకిలూ కొనలేదు. బాకీ అలాగే పడి ఉంది.

ఈ ఏడాది అక్టోబరులో కూతురు రాగిణి డ్రైవింగ్ టెస్టు రెండోసారి తప్పి వచ్చింది.

"మళ్ళీ కోన్‌లేనా?" అన్నాడు వీరాంజనేయులు.

"రెండు, నాన్నా. ఓన్లీ రెండు. లాస్ట్ టైమ్ నాలుగు."

నాగమణి వంటగదిలోంచి గరిటెతో సహా బయటికి వచ్చింది. ఆవిడ కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఆఫీసులో రుజువు చూపిస్తే తప్ప ఏదీ ఒప్పుకోదని పేరు.

"నాకు తెలుసు. మీరు ఎగ్గొట్టింది స్వామి పిల్ల దగ్గర వసూలు చేస్తున్నాడు" అంది.

"అమ్మా, దట్స్ నాట్ హౌ ఇట్ వర్క్స్. కోన్‌లు నాకు కనపడలేదు, అంతే. హనుమాన్ ఏం చేశాడు?"

"కనపడకుండా చేసింది ఎవరనుకున్నావ్?"

వీరాంజనేయులు మెల్లగా అడిగాడు. "దేవుడు అంత పని చేస్తాడంటావా నాగమణీ? చిన్నపిల్ల మీద? ఆయన ఏమన్నా కార్ లోన్ కంపెనీయా?"

"చేయడనే అనుకుందాం. మూడోసారి టెస్టు సోమవారం ఉంది. అప్పటిదాకా కూర్చుని చూద్దామా?"

వీరాంజనేయులికి నిజంగానే ఆ నమ్మకం లేదు. స్వామి అలాంటివాడు కాదని ఆయన మనసుకి తెలుసు. కానీ సోమవారం పిల్ల మళ్ళీ మొహం వేలాడేసుకుని వస్తే, తప్పు కోన్‌లదా తనదా అని జీవితాంతం అనుకుంటూ ఉండాలి. ఇప్పటికే ఒక సందేహం మోస్తున్నాడు. రెండోది మోసే ఓపిక లేదు. వెళ్ళి శ్యామ్‌సుందర్ ఇంటి తలుపు తట్టాడు.

శ్యామ్‌సుందర్‌ది జగిత్యాల. ఇదే వీధిలో ఉంటాడు. మూడేళ్ళ కిందట మంచి ఉద్యోగం, మంచి నిద్ర ఉన్న మనిషి. ఆ తరవాత గ్రావెల్ సైక్లింగ్ పట్టుకుంది. అంటే తారు రోడ్లని వదిలేసి, పొలాల్లోంచి పోయే మట్టి రోడ్లూ కంకర రోడ్లూ వెతుక్కుని, లావు టైర్ల సైకిళ్ళ మీద పడి తిరగడం. కిందటి వేసవిలో అందుకోసమే ఫ్రాన్స్ వెళ్ళి అక్కడి పల్లెటూళ్ళన్నీ తిరిగొచ్చాడు. అప్పటినుంచి అతనితో ఏం మాట్లాడినా రెండో మాటకి ఫ్రాన్స్ చేరుతుంది.

కథంతా విని శ్యామ్‌సుందర్ లేచి నిలబడ్డాడు. "అన్నా, ఇన్నేండ్లు నాకు చెప్పకపోతివి! నేను తీస్కపోత నిన్ను. అంతా గ్రావెలే. ఒక్క కారు గూడ కనపడది. ఫ్రాన్స్‌ల పొద్దంత తొక్కినం తెల్సా, ఒక్క ముసలామె, రెండావులు, గంతే."

"అది కాదు శ్యామూ. అసలు సైకిలు లెక్కలోకి వస్తుందంటావా?"

"ఎందుకు రాదు? ఇంజను లేదు గద. ఇంజను నువ్వే."

ఆ మాట వీరాంజనేయులికి నచ్చింది. అందులో పూర్తిగా నమ్మకం కుదరలేదు గానీ, అడ్డం చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదు.

శ్యామ్‌సుందర్ దగ్గర రెండో సైకిలు ఉంది, అది ఇచ్చాడు. బట్టల దగ్గర పేచీ వచ్చింది. మొక్కు తీర్చడానికి పంచె కట్టుకోవాలని వీరాంజనేయులు, పంచె కట్టుకుంటే మొక్కు చెయిన్ తీరుస్తుందని శ్యామ్‌సుందర్. చివరికి కింద సైక్లింగ్ నిక్కరు, పైన పంచె గోచీ పోసి బిగించి, నడుముకి తువ్వాలు చుట్టేటట్టు రాజీ కుదిరింది. కాళ్ళకి శ్యామ్‌సుందర్ పాత బూట్లు. వాటి అడుగున ఇనప బిళ్ళలుంటాయి, అవి పెడల్‌కి టక్కున అతుక్కుంటాయి. అద్దంలో చూసుకుంటే వీరాంజనేయులికి తను నడుం పైన ఒక మనిషి, కింద ఇంకో మనిషిలా కనిపించాడు.

శనివారం తెల్లవారుతూనే నాగమణి తలస్నానం చేసి వడలు వేసింది. పొట్టు మినప్పప్పు, మిరియాలు, ఉప్పు. గట్టిగా, పల్చగా, మధ్యలో చిల్లుతో. ఉల్లిపాయ వాసన కూడా దగ్గరికి రానివ్వలేదు.

రాగిణి కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "అమ్మా, సాల్ట్ సరిపోయిందా అని ఎలా తెలుస్తుంది?"

"తెలియదు."

"వాట్? టేస్ట్ చెయ్యవా?"

"దేవుడికి చేసేది ముందు మనం తింటామా? స్వామి తిన్నాక మనం తింటే, అప్పుడు తెలుస్తుంది."

"అప్పుడు టూ లేట్ కదా!"

నాగమణి పసుపు రాసిన దారానికి వడలన్నీ గుచ్చి, మాల కట్టి, ఎవరూ వాడని కొత్త స్టీలు డబ్బాలో చుట్టగా చుట్టి పెట్టింది. ఇక డబ్బా ఎక్కడ కట్టాలన్న చర్చ మొదలైంది. కింద పెట్టకూడదు. తోలు తగలకూడదు. సీటు తోలుదేమో అని వీరాంజనేయులు అనుమానపడ్డాడు.

"ప్లాస్టిక్ అన్నా! ఏ జంతువు రాలె దీంట్ల" అని శ్యామ్‌సుందర్ ఒట్టేశాడు.

"అయితే సీటు వెనక కట్టు."

"వెనకా?" అని నాగమణి అడ్డుపడింది. "ముప్పై మైళ్ళు స్వామి నైవేద్యం మీ వీపు చూస్తూ రావాలా? వీపైతే సరే. అక్కడినుంచి కనపడేది వీపు కాదు."

అంచేత డబ్బాని ముందు, హ్యాండిల్‌కి కట్టారు. "పన్నెండున్నరకి తెర వేసేస్తారు. ఆలోపు ఉండాలి. మేం వెనకాల కార్లో వచ్చి గుళ్ళో కలుస్తాం" అంది నాగమణి. మాల వేసేదాకా వీరాంజనేయులికి ఉపవాసమే. ఇద్దరూ బయల్దేరారు.

ఊరు దాటేసరికి తారు రోడ్డు అయిపోయింది. అక్కడినుంచి కంకర. నాలుగడుగులకొక మేపుల్ చెట్టు, ఎర్రగా, పసుపుగా ఆకులు రాలుస్తూ. మొక్కజొన్న కోసేసిన చేలల్లో పొడుగుకాళ్ళ కొంగలు నిలబడి వీళ్ళని తేరిపార చూశాయి. ఇన్నేళ్ళూ హైవే మీద ఎనభై మైళ్ళ వేగంతో గుడికి పోయిన వీరాంజనేయులికి, ఈ దేశానికి ఒక చప్పుడు లేని పక్క కూడా ఉందని ఆ పొద్దున తెలిసింది. హాయిగా ఉందనిపించింది. వెంటనే అనుమానం వేసింది. మొక్కు ఇంత హాయిగా ఉండొచ్చా?

దేవుడు ఆ అనుమానం ఎక్కువసేపు ఉండనివ్వలేదు. ముందు రోడ్డంతా బట్టలుతికే బండలా వరసగా అలలు తేలింది. సైకిలు దాని మీదికి ఎక్కగానే స్టీలు డబ్బా తాళం వేయడం మొదలుపెట్టింది. వడలు లోపల గజ్జెల్లా మోగాయి. వీరాంజనేయులి పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి.

"శ్యా-మ్యా-మ్యా-మూ! మెల్ల-ల్ల-గా!"

"ఆపకు అన్నా! స్పీడ్‌గ పోతె తెల్వది! ఫ్రాన్స్‌ల అయితే దీన్ని..."

"ఫ్రాన్స్‌లో వడ-డ-లు ఉన్నాయిటయ్యా?"



చప్పుడుకో, మిరియాల వాసనకో, చెట్ల చాటునుంచి టర్కీ కోళ్ళ మంద ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. పెద్దవి, బరువైనవి, పెళ్ళికి వచ్చిన బంధువుల్లా ఎవరూ తొందరపడని రకం. శ్యామ్‌సుందర్ గంట కొట్టాడు. అవి గంటని మెచ్చుకుంటున్నట్టు తలలూపాయి. ఒక కోడి ముందుకొచ్చి డబ్బా వైపు మెడ సాచింది.

"తప్పుకోండమ్మా. ఇది మీకు కాదు" అన్నాడు వీరాంజనేయులు మర్యాదగా, డబ్బాని చేతులతో చుట్టేసుకుని.

ఫోన్ మోగింది. నాగమణి ఇంట్లో కూర్చుని మ్యాపులో వీళ్ళ చుక్కని చూస్తోంది. "ఎందుకు ఆగారు?"

"కోళ్ళు."

"కోళ్ళేంటి?"

"పెద్దవి."

"తినకండి!" అని ఫోన్ పెట్టేసింది. ఎవరిని ఏం తినొద్దందో ఆయనకి అర్థం కాలేదు.

మంద కదిలేసరికి బాగా పొద్దెక్కింది. అక్కడినుంచి కాసేపటికి శ్యామ్‌సుందర్ ఫ్రాన్స్ గురించి మాట్లాడడం మానేశాడు. వీరాంజనేయులికి భయం వేసి వెనక్కి తిరిగి చూశాడు. ఆ మనిషి మొహంలో నెత్తురు లేదు.

"ఏమైంది శ్యామూ?"

"ఏం లేదన్నా. ఆకలైతుంది."

"ఏమీ తెచ్చుకోలేదా?"

"నువ్వు ఉపాసం ఉండంగ నేనెట్ల తింట? నేను గూడ ఉన్న."

వీరాంజనేయులికి కళ్ళు చెమర్చాయి. అడక్కుండా తన మొక్కులో ఉపవాసం పంచుకున్న మనిషి. ఇద్దరూ ఎవరిదో పోస్టు డబ్బా పక్కన గడ్డిలో ఆగారు. శ్యామ్‌సుందర్ సైకిలుకి ఆనుకుని నిలబడి, ముక్కు వడల డబ్బా వైపు తిప్పాడు.

"అన్నా, ఏం వాసనొస్తుందే..."

"వాసన చూడకు! ఎంగిలవుతుంది."

"వాసన చూస్తె ఎంగిలెట్లయితది? ముక్కుతోని తింటరా ఎవరన్న?"

ఇదీ నిజమే అనిపించింది. వీరాంజనేయులు గడ్డిలో నిలబడి ఆలోచించాడు. ఆకలితో ఉన్నవాడికి పెట్టకుండా దాటి వెళ్ళి, ఆకలి లేని రాతి విగ్రహానికి వేస్తే స్వామి సంతోషిస్తాడా? కానీ ఇస్తానన్నది ఇవ్వకముందే అందులోంచి తీసి పంచితే, అది ఇచ్చినట్టా, మిగిలింది తెచ్చినట్టా? మూత తీద్దామని దాని మీద చేయి వేశాడు. ఇవాళ కాకపోతే సోమవారంలోపు ఇంకో మాల కుదరదు. రాగిణి మొహం కళ్ళముందు కదిలింది. అయినా మూత మీంచి చేయి తియ్యలేదు.

శ్యామ్‌సుందర్ వచ్చి ఆయన చేతిని పక్కకి తీసి, మూత గట్టిగా నొక్కాడు. "ఒద్దన్నా. ఇన్నేండ్లు ఆగిన బాకీ. నా కడుపుకోసం తప్పుతవా? నడువు. కొద్దిగనే ఉన్నది."

కొద్దిగానే ఉంది, రెండు మైళ్ళు. కానీ మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. రోడ్ల సంగతి చూసే కౌంటీ వాళ్ళు అంతకు ముందు రోజే కొత్త కంకర తోలారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, అరచేయంత మందాన, వదులుగా, తెల్లగా, తొక్కనివాళ్ళకి అందంగా. దూరంగా దాన్ని చదును చేసే యంత్రం ఒకటి తీరిగ్గా గురక పెడుతోంది.

"ఇదే అసలైన గ్రావెల్!" అని శ్యామ్‌సుందర్ ఉన్న ఓపికంతా తెచ్చుకుని అందులోకి దూకాడు. ముందు చక్రం పాయసంలో గరిటెలా దిగిపోయింది. అతను పడిపోలేదు. బాగా ఆలోచించుకుని, తొందరేం లేదన్నట్టు, నెమ్మదిగా పక్కకి ఒరిగాడు.

వీరాంజనేయులు దిగి తోయబోయాడు. సైకిలు కదల్లేదు. లాగబోయాడు. వెనక్కి వచ్చింది. చివరికి డబ్బా విప్పి ఒక చంకలో పెట్టుకుని, సైకిలుని భుజాన వేసుకున్నాడు. బూట్ల కింది ఇనప బిళ్ళలు రాళ్ళ మీద సర్రున జారాయి. సైకిలెక్కి వస్తానని బయల్దేరిన భక్తుడి మీద చివరికి సైకిలే ఎక్కి కూర్చుంది.

అంతలో వెనకనుంచి పికప్ ట్రక్కు ఒకటి వచ్చి ఆగింది. దాని వెనక నిండా గుమ్మడికాయలు. నడుపుతున్నది తెల్లజుట్టు రైతావిడ. తన పేరు లొరెయిన్ అంది. భుజాన సైకిలు, చంకలో డబ్బా, గోచీ పంచె, తల మీద హెల్మెట్, నుదుట సిందూరం, అన్నీ వరసగా చూసి, ఏ ఒక్కదాని గురించీ అడక్కుండా, "ఎక్కండి, దింపేస్తాను" అంది.

"వద్దండీ. నేను ఇంజనున్న బండి ఎక్కకూడదు" అన్నాడు వీరాంజనేయులు.

"ఎందుకని?"

శ్యామ్‌సుందర్ కూర్చున్న చోటునుంచే వివరించాడు. ఈయన దేవుడికి దండ బాకీ ఉన్నాడు. డోనట్ల దండ. తీపివి కావు, మిరియాలవి. కాళ్ళతోనే వెళ్ళి ఇవ్వాలి. పన్నెండున్నరకి దేవుడు తలుపేసుకుంటాడు.

లొరెయిన్ వాచీ చూసుకుంది. "బాకీ అంటే బాకీయే. ఆయన్ని ఎక్కమనను. సైకిళ్ళని ఎక్కించొచ్చా?"

ఇది శాస్త్రం ఒప్పుకునే ప్రశ్నే. సైకిలు ఏ మొక్కూ మొక్కలేదు. సైకిళ్ళూ, సైకిళ్ళతో పాటు శ్యామ్‌సుందరూ గుమ్మడికాయల మధ్యకి ఎక్కారు. ఆవిడ తన సంచీలోంచి గుమ్మడికాయ రొట్టె తీసి అతని చేతిలో పెట్టింది. రెండు ముక్కలు దిగగానే, "ఫ్రాన్స్‌ల గూడ ఇట్లనే ఒక అవ్వ..." అని వినిపించింది. వీరాంజనేయులి ప్రాణం కుదుటపడింది.

ఆయన ఆ జారుడు బూట్లు విప్పేశాడు, హెల్మెట్ తీసేశాడు. రెండూ ట్రక్కులో పడేశాడు. గోచీ విప్పి పంచె కిందికి దించుకున్నాడు. నడుముకున్న తువ్వాలు చుట్ట చేసి తల మీద పెట్టుకుని, దాని మీద డబ్బా ఎత్తుకున్నాడు. వట్టి పాదాలతో కొత్త కంకర మీద అడుగు వేశాడు.

"అబ్బా!" అన్నాడు. రెండో అడుగుకి "రామా!" అన్నాడు. ఆ తరవాత ఒక అడుగుకి అబ్బా, ఒక అడుగుకి రామా అనుకుంటూ నడిచాడు. మోకాళ్ళు రెండూ గొణుగుతున్నాయి. రాళ్ళన్నీ అరికాలికి ఒక్కొక్కటిగా పరిచయం అవుతున్నాయి.

ఈ మనిషి ఎక్కడన్నా పడిపోతాడేమో అని లొరెయిన్ వెళ్ళిపోలేదు. ట్రక్కు దీపాలు టిక్కుటిక్కుమనిపిస్తూ ఆయన వెనకే అడుగులో అడుగేసినట్టు నడిపింది. ఆ ఇరుకు రోడ్డు మీద దాటిపోయే దారి లేక, వెనకొచ్చిన పాల ట్యాంకరు ఆగింది. దాని వెనక గడ్డి మోపుల ట్రాక్టరు. దాని వెనక, కారు మీద 'స్టూడెంట్ డ్రైవర్' స్టిక్కరుతో, రాగిణి. పక్కన నాగమణి.

ఎదురుగా వస్తున్న చదును యంత్రం వీళ్ళని చూసి పక్కకి తప్పుకుంది. దాని డ్రైవరు, ఎందుకైనా మంచిదని, టోపీ తీశాడు. పాల ట్యాంకరు అతను ఒకసారి హారన్ కొట్టాడు. కోపంతోనే కొట్టాడో, ఉత్సాహం ఆపుకోలేక కొట్టాడో తెలియదు గానీ, ట్రక్కులోంచి శ్యామ్‌సుందర్ లేచి నిలబడి "జై హనుమాన్!" అని అరిచాడు. ట్యాంకరు అతనికి అది నచ్చినట్టుంది. ఇంకో రెండుసార్లు కొట్టాడు.

గుళ్ళో పూజారి తేజేశ్వర్ గారు తెర తాడు పట్టుకుని ఉన్నాడు. హారన్లు విని తాడు వదిలి గుమ్మంలోకి వచ్చాడు. ఆపిల్ తోటల మధ్యనుంచి, తల మీద డబ్బాతో, కుంటుకుంటూ, వెనక ట్రక్కూ ట్యాంకరూ ట్రాక్టరూ వేసుకుని వస్తున్న వీరాంజనేయుల్ని చూశాడు.

"ఊరేగింపుగా వస్తానని ముందు చెప్పకూడదుటండీ? మేళం పెట్టించేవాణ్ణి కదా!" అన్నాడు.

వీరాంజనేయులు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, ఇన్నేళ్ళ సందేహం ఆయన ముందు పెట్టాడు. "పూజారిగారూ, దాచకుండా చెప్తున్నాను. నడిచి వస్తానని మొక్కాను. కానీ చివరి రెండు మైళ్ళు తప్ప దారంతా సైకిలు మీద వచ్చాను. ఇది లెక్కలోకి వస్తుందాండీ?"

"సైకిలేదీ?"

"ట్రక్కులో ఉందండీ."

"మీరో?"

"నడిచి వచ్చానండీ."

"మరి బండెక్కి వచ్చింది సైకిలు కదా. దాని సంగతి దాన్నే చూసుకోనివ్వండి. లోపలికి రండి, టైమైంది."

ఇది సమాధానమేనా, పూజారిగారికి ఆకలేసి తొందరపడుతున్నాడా అన్నది వీరాంజనేయులికి తేలలేదు. డబ్బా ఎత్తుకుని లోపలికి నడిచాడు.

రాగిణి రెండు కార్ల చోటులో ఒక్క కారుని ఐమూలగా ఆపి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, మీ ఫీట్ చూడండి! ఓ మై గాడ్!" లొరెయిన్ చెప్పులు గుమ్మం బయట విప్పి, గుమ్మడికాయ ఒకటి చంకన పెట్టుకుని, ఖాళీ చేతులతో రావడం బాగుండదని తెచ్చానంది. శ్యామ్‌సుందర్ వెనక నిలబడి మూతి తుడుచుకున్నాడు.

డబ్బా తెరిచారు. అంచులన్నీ అరిగిపోయి, అడుగున పిండి పిండిగా రాలి ఉంది. నాలుగైదు వడలకి ఓ పక్క విరిగింది. దారం మాత్రం తెగలేదు.

తేజేశ్వర్ గారు అక్షతలు చేతికిచ్చి గోత్రం అడిగాడు, పేర్లు అడిగాడు. వీరాంజనేయులు చెప్పాడు. "కోరిక ఏమిటో చెప్పండి, సంకల్పంలో చేరుస్తాను" అన్నాడు పూజారి.

నాగమణి మోచేత్తో పొడిచింది. "సోమవారం... టెస్టు..." అని గొణిగింది.

వీరాంజనేయులు నోరు తెరిచాడు. కోరిక నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే ఇంకో మాల, ఇంకో ముప్పై మైళ్ళు, ఇంకొన్నేళ్ళు ఆపిల్ చెట్ల చాటున ఆపే కారు, అన్నీ వరసగా కనిపించాయి. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల అరచేతులు జోడించి, కళ్ళు పెద్దవి చేసి, వద్దు నాన్నా అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఊపుతూనే పెదాలతో, "ఐ విల్ ప్రాక్టీస్" అంది.

"కోరికేం లేదండీ" అన్నాడు.

"ఏదో ఒకటి అనాలండీ. సంకల్పం ఖాళీగా ఉండకూడదు."

"అయితే ఇలా అనండి. పాతది ఇవ్వడానికి వచ్చాడు, ఆలస్యానికి క్షమించమంటున్నాడు అని."

నాగమణి నిట్టూర్చింది. అంత మాటకి సంస్కృతం అప్పటికప్పుడు తోచక, తేజేశ్వర్ గారు దాన్ని తెలుగులోనే చదివాడు. తరవాత రెండు చేతులతో మాల ఎత్తాడు. విరిగిన వడలు దారానికి వేలాడుతూ ఊగాయి. విగ్రహం తల మీదుగా జాగ్రత్తగా దించాడు. భుజాల మీద ఒక్క క్షణం చిక్కుకుని, సర్దుకుని, మాల స్వామి గుండెల మీదుగా జారి బొడ్డు దగ్గర నిలిచింది.